నేను రాయని చెంచాలు

కింది వాటాలోకి కొత్తగా వచ్చినవాళ్ళు ఇవాళ పదకొండు గంటలప్పుడు ఎండు నెత్తళ్ళ చేపలు వేయించారు. ఆ వాసన మెట్లెక్కి, వరండాలో ఆరేసిన బట్టల్లోంచి దూరి, నేను పేపరు చదువుకుంటున్న కుర్చీ దాకా వచ్చింది. మా కోడలు కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని కిటికీ తలుపులు వేసేసింది. శ్రీకాకుళం జిల్లాలో పుట్టి పెరిగిన మనిషికి ఆ వాసన తగిలితే నోరూరాలి. నాకు మాత్రం గుండెల్లో ఎక్కడో చురుక్కుమంది. అది అసూయ అని నాకు తెలుసు, ఎవరి మీదో కూడా తెలుసు. ఆ మనిషి పోయి యాభై ఏళ్ళు దాటింది. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయిన నేను, పదేళ్ళ వయసు నుంచీ రోజూ డైరీ రాసుకుంటున్న నేను, ఈ వయసులో ఒక చేపల గంప మనిషి మీద ఇంకా కుళ్ళుకుంటున్నానంటే సిగ్గుగానే ఉంటుంది. అయినా జరిగింది జరిగినట్టు రాయకపోతే ఏమవుతుందో చిన్నప్పుడే చూశాను కనుక, ఇది కూడా రాస్తున్నాను.

మా ఊరు శ్రీకాకుళం నుంచి కళింగపట్నం వెళ్ళే దారిలో ఉండేది. పల్లంలో వరి, మెట్టన చోళ్ళనే రాగులు, నువ్వులు, గట్ల మీద తాటిచెట్లు, తూర్పు గాలి వీచిన రోజున ఇంట్లోకి వచ్చే సముద్రపు ఉప్పు. ఊరి చివర బాప్టిస్టుల పేటలో మాది పెంకుటిల్లు. నాన్న శ్రీకాకుళంలో గుమాస్తా, పొద్దున్నే సైకిలెక్కితే దీపాలవేళకి వచ్చేవాడు. నాన్నగారి అమ్మని నేను మామ్మ అనేదాన్ని. మామ్మ మిషను బడిలో ముప్ఫై ఏళ్ళు పంతులమ్మగా చేసింది. నీలిమందు పెట్టి ఉతికిన తెల్లచీర, దారం కట్టిన కళ్ళజోడు, మడతలో కర్పూరం బిళ్ళ వాసన వేసే చేతి రుమాలు. బడి మానేసిన తరువాత కూడా పొద్దున తొమ్మిదింటికి అరుగు మీద కూర్చుని పేటలో పిల్లలందరి పేర్లూ వరసగా పిలిచేది. పలకనివాళ్ళ ఇంటికి కబురు వెళ్ళేది. చలికాలం వచ్చిందంటే పేటంతా మంచూ పొగా కలిసిపోయి, కుండల్లో తేగలు ఉడుకుతున్న వాసన, రోట్లో నువ్వులూ బెల్లమూ కలిపి దంచుతున్న చిమ్మిలి వాసన, క్రిస్మస్ నక్షత్రానికి వెదురుబద్దలు చీల్చుతున్న చప్పుడు. తేగ చీల్చి లోపలి చందమామని తీసి మామ్మ నా నోట్లోనే పెట్టేది, మరెవరికీ పెట్టేది కాదు. పిక్కలాటలో నేను ఓడిపోతే అవతలి పిల్లని పిలిచి ఎక్కాలు అడిగేది. రాత్రిళ్ళు ఆవిడ పక్కనే నా పడక. ఆ ఇంట్లో మామ్మ నాది. ఎవరూ రాసివ్వలేదు గానీ, నేను అలాగే అనుకునేదాన్ని.

నాకు పదేళ్ళప్పుడు కోతలు మొదలయ్యే రోజుల్లో మామ్మకి కడుపులో గడ్డ ఉందని తేలింది. పట్నంలో పెద్ద డాక్టరు చూసి, కోసినా లాభం లేదు, ఇంటికి తీసుకువెళ్ళి ఇష్టమైనవి పెట్టుకోండి అన్నాడు. మామ్మ మంచాన్ని నడవలోకి మార్చారు, అక్కడైతే వీధి కనిపిస్తుందని. ఆదివారం గుడి అయ్యాక పక్క ఊరి నుంచి కాంపౌండరు గారు వచ్చి చూసి వెళ్ళేవారు. మొదటి ఆదివారమే నన్ను పిలిచి, నీ దస్తూరీ బాగుంటుందట కదా, మామ్మ ఏ పూట ఎన్ని చెంచాలు తాగిందో, వాంతులు ఎప్పుడయ్యాయో ఒక పుస్తకంలో రాసిపెట్టు, దాన్ని చూసి మందు మారుస్తాను అన్నారు. నేను గీతల పుస్తకం తీసుకుని, స్కేలుతో గడులు కొట్టి, పూటలు విడగొట్టి రాయడం మొదలుపెట్టాను. నా డైరీలన్నిటికీ మొదటిది అదే. అమ్మ వండేది, నేను తినిపించేదాన్ని, నేనే రాసేదాన్ని. మామ్మ నాలుగు చెంచాలు తాగిన రోజున నాకు పరీక్ష పాసయినట్టుండేది. అయితే అలాంటి రోజులు త్వరలోనే తగ్గిపోయాయి. పాలిచ్చినా గంజి ఇచ్చినా పెదవులు బిగించేది. గుడి నుంచి ఆడవాళ్ళు వంతులవారీగా వచ్చి, మంచం చుట్టూ కూర్చుని, గొంతు తగ్గించి పాటలు పాడి, ఇంకా గొంతు తగ్గించి ప్రార్థన చేసి వెళ్ళేవారు. అమ్మా నాన్నా కూడా మామ్మ దగ్గర గుసగుసలే. మామ్మ కళ్ళు మూసుకుని వినేది.

లక్ష్మివారం, అంటే గురువారం, మాత్రం వేరు. ఆ రోజు పక్క ఊళ్ళో సంత. కళింగపట్నం నుంచి ఎర్రమ్మ ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని, చుట్ట నిప్పున్న కొసని నోటిలోపలికి పెట్టుకుని అడ్డపొగ పీలుస్తూ, సంతకి వెళుతూ దారిలో మా ఇంటికి వచ్చేది. మామ్మకీ ఆవిడకీ ఎనిమిదేళ్ళప్పుడు నేస్తం కట్టారట. మా వైపు పూర్వం ఇద్దరు పిల్లలకి మనసు కలిస్తే పెద్దవాళ్ళు ఊరందరి ముందూ పూలూ కొత్తగుడ్డలూ మార్పించి నేస్తం కట్టేవారు. అక్కడి నుంచి వాళ్ళు ఒకరినొకరు పేరు పెట్టి పిలవకూడదు, నేస్తం అనే పిలవాలి. ఒకరి ఇంట్లో మరొకరు తోబుట్టువే. తరువాత మా ముత్తాత బాప్తిస్మం తీసుకున్నాడు, మామ్మ బోర్డింగు బడికి వెళ్ళి పంతులమ్మయింది. పాతవన్నీ వదులుకుంది గానీ ఈ ఒక్కటీ వదులుకోలేదు. మా నాన్న ఎర్రమ్మని పిన్నీ అనేవాడు. నేను ఏమీ అనేదాన్ని కాదు. ఆరోగ్యంగా ఉన్న రోజుల్లో ఆవిడ వచ్చి వెళ్ళినా నాకు పట్టేది కాదు. మామ్మ మంచాన పడ్డాకే పట్టింది.

ఆవిడ గంప అరుగు మీద దించి, కాళ్ళైనా కడుక్కోకుండా మంచం దగ్గరికి వచ్చి, వీధివీధంతా వినబడేలా అనేది:

"ఏటి నేస్తం, ఇంకా ఇక్కడే ఉన్నావేటి? ఆ పైనోడి హాజరుపట్టీలో నీ పేరు దొరకలేదేటి?"

"నీ మొకం ఒకపాలి సూసి పోదామని," అనేది మామ్మ. అందరితోనూ పుస్తకంలోలా మాట్లాడే పంతులమ్మ, ఆవిడ దగ్గర మాత్రం అలా మాట్లాడేది.

"నా మొకంలో ఏటున్నాది? నోరు తెరువు. నా సేతి ముద్ద తినకుండా ఎల్లిపోనావో, పైకొచ్చి మరీ తంతాను."

మామ్మ నవ్వేది. పొట్ట పట్టుకుని, నొప్పితో మొహం ముడుచుకుంటూ, నవ్వేది. ఎర్రమ్మ మా పొయ్యిలో రెండు నెత్తళ్ళు కాల్చి, నలిపి, పల్చటి చోడి అంబలిలో కలిపి, ఆ మొరటు చేత్తోనే చెంచా పట్టుకుని, సంతలో ఎవరెవరు కొట్టుకున్నారో, ఎవరి మొగుడు ఎవరి వలలో పడ్డాడో చెబుతూ పెట్టేది. ఆరు చెంచాలు. ఏడు. ఒకసారి తొమ్మిది. తిన్నాక మామ్మ ఆ చేతిని ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకునేది. ఎర్ర సబ్బుతో రెండుసార్లు కడిగిన నా చేతిని ఎప్పుడూ అలా పట్టుకోలేదు. మధ్యాహ్నం అన్నానికి బడి నుంచి వచ్చే నేను స్తంభం చాటున నిలబడి లెక్కపెట్టేదాన్ని. గడిలో రాసేదాన్ని కాదు.

మొదట కోపంతో రాయలేదు. తరువాత తెలిసే రాయలేదు. లక్ష్మివారం మధ్యాహ్నం గడి ఖాళీగా వదిలేసి, సాయంత్రం అయిన వాంతి మాత్రం చక్కటి దస్తూరీతో రాసేదాన్ని. వాంతులు తక్కిన రోజుల్లో కూడా అయ్యేవి. అవి రాయలేదు. ఒక్క అబద్ధం కూడా ఆ పుస్తకంలో లేదు. నాలుగు వారాలు తిరిగేసరికి, చూసినవాళ్ళకి ఒకటే కనిపించేలా తయారయింది. కాంపౌండరు గారు వేలితో గడులు చూసుకుంటూ వచ్చి, "ప్రతి గురువారమూ వాంతే. ఆ రోజు బయటిదేమైనా పెడుతున్నారా?" అని అడిగారు. నాన్న చెప్పాడు. మానేయండి అన్నారాయన.

ఆయన వెళ్ళాక అమ్మ వంటింటి గడప మీద నుంచి మెల్లగా అంది, "మంగళారం కూడా అయినాది కదండీ."

"పుస్తకంలో లేదు," అన్నాడు నాన్న.

మాది పంతులమ్మ ఇల్లు. మా ఇంట్లో రాసినదాని ముందు చెప్పినదానికి విలువ లేదు. చాకలి పద్దు దగ్గర నుంచి చుట్టాల పుట్టినరోజుల దాకా రాసి ఉంటేనే నిజం. అలా పెంచింది కూడా మామ్మే. అమ్మ వంటింట్లోకి వెళ్ళిపోయింది. నాకు లోపల భయం, పైకి చెప్పలేనంత సంతోషం.

తరువాతి లక్ష్మివారం నాన్న ఆఫీసుకి ఒక పూట సెలవు పెట్టి వాకిట్లో నిలబడ్డాడు. ఎర్రమ్మ గంప దించబోతుంటే, కాంపౌండరు గారు వద్దన్నారు పిన్నీ, కొన్నాళ్ళు రావద్దు అన్నాడు. ఆవిడ నోట్లోంచి చుట్ట తీసేసింది.

"నాను ముట్టుకుంటే వాంతులవుతాయేటి, నాయినా?"

నాన్న తల వంచుకున్నాడు. ఆవిడ నాన్న భుజం మీదుగా నడవలోకి చూసింది. మామ్మ కునుకులో ఉంది. "సరే, బాగుండాలి గానీ," అని, గంపలోంచి రెండు నెత్తళ్ళు తీసి ఆకులో చుట్టి, గోడ మీద పెట్టి వెళ్ళిపోయింది. ఆ పొట్లం అమ్మ చూడకముందే తీసి గడ్డివాములో దాచాను. తరువాతి రెండు లక్ష్మివారాలూ గోడ మీద అలాంటి పొట్లమే ఉంది. మనిషి లోపలికి రాలేదు. అవీ దాచాను.

ఆ ఏడు క్రిస్మస్ మా ఇంట్లో ఎలా జరిగిందో తలుచుకోవడం నాకు ఇష్టం ఉండదు. కొత్త గౌను, అరిసెల పాకం వాసన, తెల్లవారుజామున తప్పెట్లతో పాడుకుంటూ వచ్చిన జట్టు, అన్నీ ఉన్నాయి. మామ్మ రోజుకి ఒక చెంచా, కొన్ని రోజులు అదీ లేదు. నా పుస్తకంలో సున్నాలు పెరిగాయి. రోజూ పొద్దున్నే అడిగేది, "ఇయాళ లక్ష్మివారమేటి?" అని. అయిన రోజున కూడా కాదు మామ్మా అన్నాను. ఒకసారి కాదు, రెండుసార్లు. అలా అడుగుతున్నప్పుడు నేను పక్కనే కూర్చుని ఉన్నాను, నా చేతిలో గంజి గిన్నె ఉంది, ఆవిడ కళ్ళు మాత్రం వీధిలో ఉన్నాయి. పక్కనే ఉన్న మనిషిని దాటుకుని చూస్తున్న ఆ చూపు మీద నాకు ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. ఎర్రమ్మ చేతి ముద్ద తినకుండా మామ్మ వెళ్ళకూడదన్న మాట నేను చెవులారా విన్నాను. ఆ ముద్ద నేనే పెడతాను అనుకున్నాను.

క్రిస్మస్ సెలవులు ఇంకా నడుస్తున్నాయి. ఒక మధ్యాహ్నం అమ్మ కాలువకి బట్టలు తీసుకువెళ్ళింది. నేను గడ్డివాములోంచి ఒక పొట్లం తీసి, పొయ్యిలో నెత్తళ్ళు కాల్చి, ఎర్రమ్మ చేసినట్టే అంబలిలో కలిపాను. మిగిలిన తలకాయలు రెండు అరచేతుల మధ్యా పెట్టి, వేళ్ళ సందుల్లోకి, మణికట్ల దాకా బాగా రుద్దుకున్నాను. మామ్మ కళ్ళు మూసుకుని ఉంది. ఏమీ మాట్లాడకుండా చెంచా పెదవుల దగ్గర పెట్టాను. ముక్కుపుటాలు కదిలాయి. ఎముకలు తేలిన చెయ్యి వచ్చి నా మణికట్టు పట్టుకుంది.

"వచ్చినావా నేస్తం," అంది మామ్మ. "ఇన్నాళ్ళేటి ఆలిస్యం? నామీద కోపవొచ్చినాదేటి?"

నోరు తెరిచింది. ఒక చెంచా. రెండు. మూడు. నాలుగు. కళ్ళు తెరవలేదు. కళ్ళ చివరి నుంచి నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి. నేను కోరుకున్నదంతా ఆ నిమిషంలో నాకు జరిగింది. మామ్మ నా చేతి ముద్ద తిన్నది, నా చేతిని ముక్కు దగ్గర పెట్టుకున్నది. అందులో నేను లేను. అయిదో చెంచా ముంచుతుంటే గిన్నె జారి కింద పడింది. మామ్మ కళ్ళు తెరిచి చూసింది.

"నువ్వా గుంటా," అంది. తిట్టలేదు. మొహం గోడవైపు తిప్పుకుంది, అంతే.

అమ్మ తడిబట్టలతో వచ్చేసరికి నేను వాకిట్లోనే ఉన్నాను. పుస్తకం ఆవిడ చేతిలో పెట్టి, ఏ గడిలో ఏం రాయలేదో, ఏ వాంతి వదిలేశానో వరసగా చెప్పేశాను. అమ్మ కొడుతుందనుకున్నాను. బకెట్టు దించి, గట్టు మీద కూలబడి, "ముసిలిదాని నోటికాడ కూడు తీసీసినావే," అంది. ఆ మాట తప్ప నాకు పడిన శిక్ష వేరే లేదు.

మర్నాడు నాన్న ఆఫీసు మానేసి సైకిలు మీద కళింగపట్నం వెళ్ళాడు. మధ్యాహ్నానికి వచ్చాడు, వెనక క్యారియరు మీద ఎర్రమ్మ, కాళ్ళు రెండూ ఒకవైపుకి వేసుకుని, నాన్న చొక్కా గుప్పిట పట్టుకుని, దారిపొడుగునా ఆయన తొక్కుడుని తిడుతూ. గంప లేదు. చంకలో ఒక మూట. ఉండడానికే వచ్చింది. మామ్మ దగ్గరికి వెళ్ళి ఆ బక్కచిక్కిన మొహం చూసి ఒక్క క్షణం ఆగింది. తరువాత గొంతెత్తింది.

"ఓలమ్మో నేస్తం, నాను నాలుగు వారాలు రాకపోతే నువ్వు సిక్కి సగవైపోతావేటి? సిగ్గు నేదేటి నీకు?"

మామ్మ నవ్వింది. గొంతులోంచి శబ్దం రాలేదు, భుజాలు మాత్రం కదిలాయి.

దారిలో నాన్న అంతా చెప్పినట్టున్నాడు. ఎర్రమ్మ వెనక్కి తిరిగి స్తంభం చాటున ఉన్న నన్ను చూసింది. "ఇదేనేటి నా సవితి!" అంది. "రాయే, ఇలగొచ్చి కూకో. నువ్వో సెంసా, నానో సెంసా ఎడదాం. ఎవులి సేత్తో ఎక్కువ తింటాదో సూద్దాం, రా."

వెళ్ళి ఉండాల్సింది. ఆవిడ మంచం పట్టె మీద చేత్తో తట్టి చోటు కూడా చూపించింది. నేను వెళ్ళలేదు. ఇస్తే మొత్తం నాకే ఇవ్వాలి, సగం నాకొద్దు అనుకునే వయసు. పుస్తకం పట్టుకుని గడప మీదే కూర్చున్నాను.

ఎర్రమ్మ పదకొండు రోజులు మా ఇంట్లో ఉంది. మామ్మని పక్కకి తిప్పి ఆముదం రాసేది, తల దువ్వేది, గుడి ఆడవాళ్ళు వస్తే లేచి అరుగు మీదకి వెళ్ళి పొగ తాగి, వాళ్ళు వెళ్ళగానే వచ్చి వాళ్ళ పాటలకి వంకలు పెట్టేది. మామ్మకి నొప్పి ఎక్కువైనప్పుడు ఇద్దరూ చేతులు పట్టుకుని, ఎనిమిదేళ్ళప్పుడు ఏరు సముద్రంలో కలిసే మొగలో కొట్టుకుపోయిన ఏదో చీరముక్క ఎవరిదని తగవులాడుకునేవారు. ఆ పదకొండు రోజులూ నేను ఒక్క చెంచా వదలకుండా రాశాను. మూడు. ఎర్రమ్మ. రెండు. ఎర్రమ్మ. ఆ పేరు రాసిన ప్రతిసారీ పెన్సిలు ములుకు విరిగేంత నొక్కి రాశాను. ఇప్పటికీ కాగితం వెనక్కి తిప్పి వేలితో తడిమితే అక్షరాలు తగులుతాయి.

పన్నెండో రోజు పొద్దున నేను బడిలో ఉన్నాను. పిలుపు వచ్చి పరుగెత్తుకు వెళ్ళేసరికి అంతా అయిపోయింది. ఎర్రమ్మ మామ్మ తలని తన ఒళ్ళో పెట్టుకుని చిక్కు తీస్తోంది. నన్ను చూసి, "రెండు సెంసాలు తిన్నాది. రాసుకో," అంది. నేను ఏడవడం మానేసి రాసుకున్నాను.

ఇప్పుడు కళింగపట్నం వైపు నుంచి చేపలు ఆటోల్లో ప్లాస్టిక్ టబ్బుల్లో వస్తాయి. నెత్తళ్ళు పాకెట్లలో దొరుకుతున్నాయి. గంప దించి ఇంట్లోకి వచ్చే మనిషి లేదు, వీధి కనిపించే నడవలూ లేవు. నేస్తం కట్టడమంటే ఏమిటని మా కోడలే అడిగింది. మొన్నామధ్య నాతో పనిచేసిన ఒకావిడ ఆస్పత్రిలో ఉంటే చూడబోయాను. అద్దం అవతల ఆవిడ, ఇవతల మేము, పది నిమిషాలు. ఎవరి గొంతూ పైకి లేవలేదు.

ఆ రోజు ఇంటికి వచ్చి, నా చివరి రోజుల్లో ఏం చెయ్యాలో కోడలికి వివరంగా రాసిపెట్టడం మొదలుపెట్టాను. మందులు, అలర్జీలు, ఎప్పటిదాకా ఆస్పత్రి, ఎప్పటి నుంచి ఇల్లు, ముక్కులో గొట్టం వద్దన్న మాట. ఏడో నంబరుకి వచ్చేసరికి ఆగిపోయాను: ఎవరిని పిలవాలి. పాత డైరీలన్నీ దించి వారం రోజులు తిరగేశాను. చుట్టాలున్నారు, తోటి టీచర్లున్నారు, చదువు చెప్పిన పిల్లలు వందల మంది ఉన్నారు. అందరూ మర్యాదస్తులు. వచ్చి, గొంతు తగ్గించి మాట్లాడి వెళతారు. ఇన్నేళ్ళూ ఎర్రమ్మ మీదే అనుకున్న నా అసూయ, ఆ వారంలో నెమ్మదిగా మామ్మ మీదకి కూడా పాకింది, తిట్టి తినిపించే మనిషి ఆవిడకి ఉంది కనుక.

మా వీధి మలుపులో కూరల బండి పెట్టే అప్పలనర్సమ్మకీ నాకూ ఇరవై ఏళ్ళుగా పడదు. కొత్తిమీర వాడిందని నేను, కళ్ళజోడు తుడుచుకోమని ఆవిడ. నిన్న సాయంత్రం జనం లేని వేళ చూసి వెళ్ళి, డొంకతిరుగుడు లేకుండా అడిగేశాను: నేను మంచాన పడితే వచ్చి నన్ను రెండు తిట్లు తిడతావా అని.

ఆవిడ కొత్తిమీర కట్టల మీద నీళ్ళు చిలకరిస్తూ ఆగింది. "నువ్వే ముందు పడతావని ఎవులు సెప్పినారు మేస్టారమ్మా?" అంది. తరువాత కాస్త ఆలోచించి, "నాకైతే మా సీతాలున్నాది. సిన్నప్పుడు అదీ నానూ ఒక కంచంలో తిన్నాం. దానికి ఎప్పుడో సెప్పీసుకున్నాను. నీకూ వస్తానులే. దాన్నొకపాలి అడగాల," అంది.

ఆ సీతాలు ఎవరో నేను ఇంతవరకూ చూడలేదు. ఇల్లు చేరేదాకా ఆ సీతాలు మీద మండిపోతూనే నడిచాను. కాగితం తీసి ఏడో నంబరు ఎదురుగా అప్పలనర్సమ్మ పేరు రాశాను. సీతాలుని అడగాలి అన్న ముక్క వదిలేయాలనిపించింది. కలం చాలాసేపు పట్టుకుని కూర్చుని, అదీ రాశాను.